గండిలోనికి దిగువాడు ఎవరిని నమ్మవలెను?

మనుష్యుడు తన ప్రాణమును మరియొకని చేతికి అప్పగించు సందర్భములు అనుదినము వచ్చుచునే యుండును. బస్సు ఎక్కువాడు డ్రైవరును నమ్మును. శస్త్రచికిత్సకు పడుకొనువాడు వైద్యుని నమ్మును. రేవు దాటువాడు పడవ నడుపు సరంగును నమ్మును. ఇట్టి నమ్మకములు లేనియెడల లోకయాత్ర ఒక్క దినమైనను సాగదు. అయితే బస్సును, ఆసుపత్రిని, రేవును మనము అవసరము కొలది ఆశ్రయించుచున్నాము. అవసరమేమియు లేక, ఉల్లాసము కొరకే, ఒక అపరిచితుని చేతిలో ప్రాణమును పెట్టుట న్యాయమేనా? పెట్టినయెడల, నమ్మినవాని బాధ్యత ఎంత, నమ్మబడినవాని బాధ్యత ఎంత? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును గాని, దీని వేళ్లు లోతైనవి.

పుదుచ్చేరి పట్టణములోని తట్టాంచావడిని తలంచుకొందము. అది పారిశ్రామికవాడ గల ప్రాంతము. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో ఒక భాగము గనుక, చదువు కొరకును ఉద్యోగము కొరకును తెలుగువారు ఆ పట్టణమునకు వచ్చుట కద్దు. తట్టాంచావడికి తూర్పున సముద్రము, పడమర ఊసుడు చెరువు, దక్షిణపు దిక్కున శంకరాపరణి నది. చెప్పుకోదగిన కొండ లేదు, లోయ లేదు. చదునైన నేలమీద, యంత్రముల రొదలో ఆరు దినములు గడుపు యువజనులకు ఏడవ దినమున కొండలమీదికి, జలపాతముల చెంతకు మనస్సు పోవుట సహజమే. నేడు సెలఫోనులో వ్రేలు కదిపినంతనే, ఒక్క దినపు సాహసయాత్రకు పిలుచు ప్రకటనలు వరుసగా వచ్చి నిలుచును. వాటిలో కొండయేటి గండులలోనికి దింపి, నీటి వెంబడి నడిపించి, సాయంకాలమునకు తిరిగి తెచ్చు యాత్ర ఒకటి. పాశ్చాత్యులు దీనిని కాన్యనింగు అందురు.

పేరు క్రొత్తదైనను ఆ చోట్లు మనకు క్రొత్తవి కావు. నీరు కొండను కోసికొనిపోయిన ఇరుకుచోటును మన పూర్వులు గండి అనిరి. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చిన చోటున గండికోట వెలసినది. కొండల నడుమ ఇరుకైన లోయను కోన అనిరి, లోతు తెలియని నీటిని మడుగు అనిరి. తడ సమీపమున ఉబ్బలమడుగు కోనలోను, తిరుపతి జిల్లాలోని నాగలాపురము కొండలలోను రాతిగోడల నడుమ నీరు మడుగులు కట్టి పారుచున్నది. చెన్నై మొదలైన పట్టణముల యువజనులు బండలెక్కుచు, మడుగులు ఈదుచు అక్కడ తిరుగుట అనేక సంవత్సరములుగా ఉన్నదే. గండి అను మాటకును గండము అను మాటకును నడుమ ఒక్క అక్షరమే తేడా అని మన భాష ఊరక చెవిలో చెప్పుచున్నట్లుండును.

ఈ యాత్ర జరుగు విధమును తెలిసికొనినగాని దానిలోని ధర్మసూక్ష్మము తెలియదు. నడుముకును తొడలకును బలమైన పట్టాలు బిగించి, తలకు హెల్మెట్టు పెట్టి, జలపాతము పైఅంచున ఒక బండకు త్రాడు కట్టుదురు. ఆ త్రాటిమీద ఒక్కొక్కరు క్రిందికి జారుదురు. చివరివాడు దిగిన తరువాత ఆ త్రాటిని క్రిందికి లాగికొందురు, ఏలయనగా తరువాతి జలపాతమునకు అదే త్రాడు కావలెను. ఒక్కసారి త్రాడు క్రిందికి వచ్చిన పిమ్మట వెనుకకు పోవుటకు దారి లేదు. ఇరువైపుల నిలువు గోడలు, వెనుక జలపాతము, ముందు మరియొక జలపాతము. ముందుకు పోవుట ఒక్కటే మార్గము. కావున యోచన చేయవలసిన ఘడియ గండిలో లేదు, గండి పైఅంచున ఉన్నది. త్రాడు లాగక మునుపు అడుగవలసిన ప్రశ్నను త్రాడు లాగిన తరువాత అడిగి ప్రయోజనము లేదు.

ఒక యువకుడు తన సంఘకాపరి యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నేను ఇట్టి యాత్రకు పోవచ్చునా?" అని అడిగినట్లు అనుకొందము. అతనికి రెండు విధములైన సిద్ధపు జవాబులు దొరకును.

మొదటి జవాబు ఇది. "ఈ ప్రాణము నీది కాదు, దేవుడిచ్చినది. దానిని ఆటకు పణముగా పెట్టుట ప్రభువును శోధించుటయే." ఈ మాటలో భక్తి ఉన్నది గాని విమర్శ చాలదు. దేవాలయ శిఖరము మీద నిలిచి క్రిందికి దుముకుమని శోధకుడు ప్రభువును ప్రేరేపించినప్పుడు, దేవదూతలు ఎత్తుకొందురను వాగ్దానమును సాక్ష్యముగా తెచ్చెను. ప్రభువు దానిని నిరాకరించెను. అక్కడ దోషము ఎత్తులో లేదు. మెట్లుండగా మెట్లు విడిచి, దేవుడు కాపాడునో లేదో చూతమని దుముకుటలో దోషమున్నది. శోధించుటయనగా, దేవుడు మన చేతికిచ్చిన సాధనములను, బుద్ధిని త్రోసివేసి, ఆయన కాపుదలను పరీక్షకు పెట్టుటయే. త్రాడు కట్టి, ముడి సరిచూచి, ఆకాశము చూచి దిగువాడు శిఖరము మీదినుండి దుముకువాడు కాడు. అతడు మెట్లు దిగుచున్నాడు. ఆ మెట్లు త్రాటితో చేసినవి, అంతే.

మరియు ఒక సంగతి గమనింపదగును. ప్రమాదమున్న పనులన్నియు పాపమైనయెడల, వేకువజామున పుదుచ్చేరి తీరమునుండి సముద్రముమీదికి పోవు జాలరి ప్రతిదినము పాపము చేయుచున్నాడనవలెను. "అతనిది జీవనోపాధి, ఇది వినోదము" అని మీరు చెప్పవచ్చును. నిజమే, తేడా ఉన్నది. ఆకలి నిమిత్తము పైబడిన అపాయమును ఎవరును తప్పుపట్టరు. వినోదము నిమిత్తము కోరి తెచ్చుకొనిన అపాయము తన్ను తాను సమర్థించుకొనవలసియున్నది. అయితే వినోదమనునది వట్టి వ్యర్థము కాదు. కొండను నీరు ఎంత ఓపికతో చెక్కినదో ఆ రాతిగోడల నడుమ నిలిచి చూచినవానికి, తన చిన్నతనము తనకు తెలియవచ్చును. భయమును అణచి తోటివానికి చేయి అందించుట అక్కడ నేర్వవచ్చును. ఇవి మేళ్లే. కావున పోవుటయే తప్పు అని ఒక్క మాటతో తలుపు మూయుట న్యాయము కాదు.

రెండవ జవాబు దీనికి విరుద్ధమైనది. "రుసుము చెల్లించితివి గదా, గైడు ఉన్నాడు గదా, అన్నియు అతడే చూచుకొనును. నీవు నిశ్చింతగా పొమ్ము." నేటి కాలమునకు మిక్కిలి ఇంపైన జవాబు ఇది. మొదటిదానికంటె ఎక్కువ ప్రాణములు తీసినదియు ఇదియే. మూడు సంగతులు చూతము.

1999 జూలై 27వ తేదీన స్విట్జర్లాండు దేశములో ఇంటర్లాకెన్ పట్టణమునకు సమీపమున సాక్సెటెన్ అను వాగు గండిలోనికి 45 మంది యాత్రికులు 8 మంది మార్గదర్శకులతో దిగిరి. వారిలో అనేకులు దూరదేశములనుండి వచ్చిన యౌవనస్థులు. వాగు ఎగువను ఉరుములతో గాలివాన కురిసినది. ఆ నీరు దుంగలతో, బురదతో ఒక్క గోడవలె గండిలోనికి వచ్చినది. 21 మంది మరణించిరి. వారిలో 18 మంది యాత్రికులు, ముగ్గురు మార్గదర్శకులు. 2001లో అక్కడి న్యాయస్థానము ఆ యాత్ర నడిపిన సంస్థకు బాధ్యులైన ఆరుగురిని నిర్లక్ష్యము వలన మరణములకు కారకులని తీర్పు చెప్పినది. ఇట్టి సాహసయాత్రలు నడుపువారికి అనుమతి తప్పనిసరి చేయు చట్టము ఆ దేశమంతటను 2014 జనవరి 1న అమలులోనికి వచ్చినది.

ఆ సంవత్సరమే, 2014 జూన్ 8వ తేదీ ఆదివారము సాయంకాలమున, తెలుగువారు మరువలేని సంగతి జరిగినది. హైదరాబాదులోని వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్ యాత్రకు పోయి, మండీ జిల్లాలో బియాస్ నదియొద్ద ఆగిరి. నీరు తక్కువగా ఉన్నందున నదిలోని బండలమీదికి పోయి ఫొటోలు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు తెరవబడినవి. నిమిషములలో నీరు పెరిగి, 24 మంది విద్యార్థులును, యాత్ర నడుపుటకు వారితో వచ్చిన ఒకడును కొట్టుకొనిపోయిరి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడి అప్పటికి ఆరు దినములే. క్రొత్త రాష్ట్రపు పండుగ తోరణములు వాడకమునుపే అన్ని ఇండ్లలో ఏడుపు వినబడినది.

మూడవది మన గోదావరి మీదనే జరిగినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ అను పడవ దేవీపట్నం మండలములో కచ్చులూరు యొద్ద మునిగినది. అందులో 77 మంది ఉన్నట్లు లెక్క. 26 మంది బయటపడిరి. నాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుచుండెను. ప్రాణములతో బయటపడినవారిని గట్టెక్కించినది ఒడ్డునున్న గిరిజన గ్రామస్థులు. మునిగిన పడవను ఎన్నో ప్రయత్నములు విఫలమైన పిమ్మట అక్టోబరు 22న పైకి తీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము. పుస్తకములలో దొరకని నీటి జ్ఞానము ఆ నీటితో బ్రతుకువారి యొద్ద ఉన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ఈ మూడింటిలో ఒక పోలిక కలదు. మూడు చోట్లను దారి చూపువారు ఉండిరి. మూడు చోట్లను నమ్మకము ఉండెను. మూడు చోట్లను అపాయము కంటి ముందు పుట్టలేదు, ఎగువను పుట్టినది. నది మనలను మోసపుచ్చు తీరు ఇదే. మన నెత్తిన ఎండ కాయుచుండగా, మన కాళ్లయొద్దకు వేరొక చోటి వాన వచ్చును. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు వచ్చినప్పుడు, యానాం వీధులలోనికి వచ్చిన నీరు యానాంలో కురిసినది కాదు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి మీద తీరము దాటి, ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించినది. వాన వెలిసినదని జనులు ఊపిరి పీల్చుకొనుచుండగా, డిసెంబరు 2న ఎగువనున్న సాత్తనూరు ఆనకట్టనుండి లక్షన్నర క్యూసెక్కులకు మించిన నీరు తెన్‌పెన్నై నదిలోనికి వదలబడి, దిగువనున్న కడలూరు పల్లెలను, పుదుచ్చేరికి చెందిన బాహూరు ప్రాంతమును ముంచినది. తట్టాంచావడి చదునైన నేలయే అయినను, ఎగువ నీటి పాఠము అక్కడివారికి పరాయిది కాదు.

కావున గండిలో ఉన్నవాడు ఎగువ ఆకాశమును చూడలేడు. అతనికి కనబడునది తల పైన సన్నని నీలపు చీలిక మాత్రమే. అతని తరఫున ఎగువను చూచువాడొకడు ఉండవలెను. ఇందునిమిత్తమే మార్గదర్శి. అతడు త్రాడు పట్టుకొనువాడు మాత్రమే అయినయెడల కూలివాడు. ఎగువను చూచువాడైనయెడలనే మార్గదర్శి. ఉదయమున వాతావరణ సూచన చూచెనా, ఎగువ గ్రామమునకు ఫోను చేసి అడిగెనా, ఆనకట్ట ఉన్నయెడల దానివారితో మాటలాడెనా, నీరు రంగు మారినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చినను ఏ చోటినుండి పైకి తప్పించుకొనవచ్చునో ముందుగా తెలిసికొనెనా? ఈ ప్రశ్నలకు అవునని చెప్పగలవాడే నమ్మదగినవాడు.

అయితే తెలివి మాత్రము చాలదు. మార్గదర్శికి ఇంకొకటి కావలెను. అది "ఈ దినము దిగము" అని చెప్పగల ధైర్యము. లోకములో బహు కష్టమైన మాటలలో ఇది యొకటి. యాత్రికులు అర్ధరాత్రి బయలుదేరి బహుదూరము వచ్చియున్నారు. రుసుము ముందే చెల్లించియున్నారు. తిరిగి పంపినయెడల డబ్బు వెనుకకు ఇమ్మందురు, యజమాని కోపించును, మరుసటి వారము పని దొరకకపోవచ్చును. మన దేశములో దారి చూపు పనివాడు చాలసార్లు ఆ కొండ క్రింది పేద పిల్లవాడే. అతడు ఆకాశమును ఒక కంటను, యాత్రికుల ముఖములను ఒక కంటను చూచును. ఆకాశము వద్దనుచున్నది, ముఖములు పొమ్మనుచున్నవి. అట్టి ఘడియలో అతడు దేని మాట వినును?

ఇక్కడనే యాత్రికుని బాధ్యత ప్రవేశించుచున్నది. ఇది మనము తరచుగా గమనింపని సంగతి. మంచి మార్గదర్శిని మనము దొరకించుకొందుమని అనుకొందుము. నిజమునకు అతనిని కొంతవరకు మనమే చేయుదుము. "వెనుకకు పోదమని మీరు చెప్పినయెడల మేము సంతోషముగా వెనుకకు పోదుము, మీకు రావలసినది మీకు వచ్చును" అని ముందుగా చెప్పు యాత్రికుడు, మార్గదర్శి నాలుకను విడిపించుచున్నాడు. "ఇంత దూరము వచ్చి ఉత్తచేతులతో పోవుటయా?" అని సణుగు యాత్రికుడు అతని నోరు కట్టివేయుచున్నాడు. అట్లు కట్టివేసిన పిమ్మట జరుగు కీడులో సణిగినవానికి పాలు లేదా? రుసుముతో మనము అతని శ్రమను కొనవచ్చును గాని, అతని మనస్సాక్షిని కొనరాదు. కొనుటకు చూచినయెడల, మన ప్రాణమును కాయవలసిన కావలివానినే మనము పడగొట్టితిమి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును ఈ దృష్టితో చదివినవారు అరుదు. పౌలు ఖైదీగా రోమాకు పోవుచున్న ఓడ క్రేతు ద్వీపమున మంచిరేవులు అను చోటికి చేరినది. ప్రయాణపు కాలము దాటిపోయినది. ముందుకు పోయినయెడల సరకులకే గాక ప్రాణములకును నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఓడ నడుపువానిని, ఓడ యజమానిని ఎక్కువగా నమ్మెను. లోకరీతిగా చూచినయెడల అది తెలివితక్కువ కాదు. వృత్తి తెలిసినవారిని నమ్మవలెను గదా! అయితే వారిలో ఒకడు ఓడకు యజమాని. అతని జ్ఞానములో లాభాపేక్ష కలిసియున్నది. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదు గనుక ఎక్కువమంది పోదమనిరి. దక్షిణపు గాలి మెల్లగా విసరినప్పుడు తమ ఆలోచన సఫలమైనదని తలంచి లంగరెత్తిరి. నిపుణుని మాట, ఎక్కువమంది మాట, అనుకూలపు గాలి, ఈ మూడును కలిసినప్పుడు మనుష్యుడు ప్రశ్నించుట మానివేయును. పెనుగాలి ఆ తరువాత కొట్టినది.

ఆ కథలో మరియొక ఘట్టమున్నది. పదునాలుగవ రాత్రి వచ్చినప్పుడు, నేల సమీపించినదని తెలిసికొని, నావికులు లంగరులు వేయు నెపముతో చిన్న పడవను దింపి పారిపోజూచిరి. అనగా దారి చూపవలసినవారు దారినపడువారిని విడిచిపోవ సిద్ధపడిరి. వీరు ఓడలో నిలిచినగాని తక్కినవారు తప్పించుకొనలేరని పౌలు శతాధిపతికి తెలిపెను. సైనికులు త్రాళ్లు కోసి పడవను విడిచిరి. ఓడలోని 276 మందియు కడకు మెలితే తీరమునకు క్షేమముగా చేరిరి. ఒక్క ప్రాణమైనను నశింపదని దేవుని మాట పౌలునకు అంతకు ముందే వచ్చియుండెను. అయినను అతడు నావికుల కదలికలను కనిపెట్టుట మానలేదు. ఆహారము తినుమని జనులను బ్రతిమాలుట మానలేదు. వాగ్దానము అతనిని నిద్రపుచ్చలేదు, మెలకువగా ఉంచినది. విశ్వాసమునకును అజాగ్రత్తకును గల భేదము ఇంత స్పష్టముగా వేరొక చోట కనబడుట కష్టము.

మార్గదర్శిని నమ్మదగిన మొదటి గుర్తు ఎగువను చూచుట, రెండవది వద్దని చెప్పగలుగుట. మూడవ గుర్తు ఈ ఘట్టమునుండి మనకు తెలియుచున్నది. అదేమనగా, నడిపించువాడు నడిపింపబడువారితో అదే ఓడలో ఉండుట. ఏరు దాటి తెప్ప తగలవేయువానిని నమ్మరాదు. సాక్సెటెన్ గండిలో ముగ్గురు మార్గదర్శకులు తమ యాత్రికులతో మరణించిరి. బియాస్ నదిలో యాత్ర నడుపువాడును విద్యార్థులతో కొట్టుకొనిపోయెను. మరణించినవారిని దూషించుట మనకు తగదు. అయితే ఆ మరణములు మరియొక నిజమును చెప్పుచున్నవి. నిర్ణయములు చేయువారు చాలసార్లు గండిలో ఉండరు. వారు కార్యాలయములో ఉందురు, గేట్ల మీట యొద్ద ఉందురు.

ఇందునుబట్టి మన ప్రశ్న ఇంకొక మెట్టు ఎక్కుచున్నది. దిగువాడు, దింపువాడు గాక, ఎగువనున్నవాడు మూడవవాడు. అతడు దిగువవారిని ఎరుగడు, వారి ముఖములు చూడలేదు. అయినను అతని చేతి కదలికలో వారి ప్రాణములున్నవి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టించువాడు దాని పైకప్పుకు పిట్టగోడ కట్టింపవలెనను ఆజ్ఞ కనబడును. ఎవడైనను పడినయెడల ఆ ఇంటిమీదికి రక్తాపరాధము వచ్చునని దాని భావము. "పడినవాడు తన కండ్లు తాను చూచుకొనవద్దా?" అని ఇంటివాడు వాదింపవచ్చును. ధర్మశాస్త్రము ఆ వాదమును విననొల్లదు. ఎవడు పడునో, ఎప్పుడు పడునో తెలియకపోయినను, పడగలడని తెలిసినవాడు గోడ కట్టవలసినదే. ముఖము తెలియని పొరుగువాడును పొరుగువాడే.

బియాస్ దుర్ఘటన విషయములో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2016లో చెప్పిన తీర్పు ఈ ధర్మమునకు దగ్గరగా ఉన్నది. ఒక్కొక్క విద్యార్థి కుటుంబమునకు 20 లక్షల రూపాయల పరిహారమును నిర్ణయించి, ఆ భారమును విద్యుత్ మండలి, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వము అను మూడు పక్షములకు పంచినది. ఎక్కువ పాలు విద్యుత్ మండలిమీద పడినది. గేట్లు తెరచినవారికి ఒక పాలు, పిల్లలను తీసికొనిపోయినవారికి ఒక పాలు, నది ఒడ్డున కంచెలు, హెచ్చరికలు చూడవలసినవారికి ఒక పాలు. అపరాధము ఒక్కని నెత్తిన వేసి తక్కినవారు చేతులు కడుగుకొనుట మన నైజము. పంచబడిన అపరాధము తరిగిపోదు. ప్రతివాడును తన పాలు తాను మోయవలెను.

చదువరులారా, ఇక్కడ మన సంఘములకు చెందిన ఒక మాట చెప్పక తప్పదు. ఇట్టి మరణము జరిగిన ఇంటికి పోయినప్పుడు మనము ఏమి పలుకుచున్నాము? "అంతయు దేవుని చిత్తము, మనమేమి చేయగలము" అని పలుకుచున్నాము. బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని ఓదార్చవలెనని అట్లు పలుకుదుము. మన ఉద్దేశము మంచిదే. కాని ఎవరో వేయవలసిన సైరను సరిగా వేయకపోయిన చోట, ఎవరో చూడవలసిన ఆకాశమును చూడకపోయిన చోట, ఆ వెలితిని దేవుని చిత్తమను వస్త్రముతో కప్పుట దేవుని ఘనపరచుట అగునా? పిట్టగోడ కట్టుమని ఆజ్ఞాపించినవాడు, గోడ లేనందున పడినవానిని తానే త్రోసెనని మనచేత అనిపించుకొనునా? ఆయన సర్వాధికారమును నమ్ముదుము, దుఃఖములో ఆయన విడువడని నమ్ముదుము. అయితే ఆ నమ్మకము మనుష్యుల నిర్లక్ష్యమునకు ముసుగు కారాదు. ఆ మాట చాటున గేటు తెరచినవాడు దాగుకొనును, తరువాతి యాత్రికులకు అదే గతి పట్టును.

దీనికి ఎదురుగా మరియొక కఠినమైన మాట కలదు. "వాళ్లను అక్కడికి ఎవరు పొమ్మనిరి? కొని తెచ్చుకొనిరి" అని కొందరందురు. దుఃఖించువారి చెవిని ఇది పడినయెడల కత్తిపోటు కంటె తీవ్రముగా ఉండును. ఉల్లాసముగా ఉండుట మరణశిక్షకు తగిన నేరము కాదు. ఇరువది యేండ్ల పిల్లలు నీటి మధ్య బండమీద నిలిచి నవ్వుచు ఫొటో తీసికొనుట అపరాధమా? దేవుని చిత్తమనువాడును, కొని తెచ్చుకొనిరనువాడును ఒక్క పనియే చేయుచున్నారు. నడుమనున్న బాధ్యులను ఇద్దరును తప్పించుచున్నారు. దుఃఖపు ఇంటిలో పలుకదగినది చాల తక్కువ. ప్రక్కన కూర్చుండుట, ఏడ్చువారితో ఏడ్చుట, వారు న్యాయము అడుగబోయినప్పుడు వెంట నడచుట, ఇవి మాటలకంటె మేలైనవి.

ఇంతకును పోవచ్చునా, పోరాదా? పోవచ్చును గాని, కొన్ని షరతులతో. నీ దేహబలమును గూర్చి, ఈతను గూర్చి, వ్యాధులను గూర్చి మార్గదర్శితో నిజము చెప్పవలెను. సిగ్గుచేత దాచిన బలహీనత గండిలో అందరికి భారమగును. అతనిని ప్రశ్నింపవలెను. ప్రశ్నించుట అవమానించుట కాదు, మంచి మార్గదర్శి ప్రశ్నకు సంతోషించును. కోపించువానితో దిగకుము. దిగిన పిమ్మట మాత్రము అతని మాట వినవలెను. పైఅంచున ప్రశ్న, లోపల విధేయత, ఇదే క్రమము. మనలో చాలమంది దీనిని తలక్రిందులు చేయుదుము. పైన మౌనముగా డబ్బు చెల్లించి, లోపల స్వేచ్ఛగా ప్రవర్తించి, ఇచ్చిన లైఫ్ జాకెట్టును ఉక్కగా ఉన్నదని విప్పి ప్రక్కన పెట్టుదుము.

మరియు ఇంటిలో చెప్పి పోవలెను. తల్లిదండ్రుల యొద్ద దాచి చేయు సాహసములో ధైర్యము సగమే. నీ ప్రాణముమీద నీకు ఎంత హక్కున్నదని నీవు తలంచినను, దాని మీద ఆధారపడియున్న ప్రాణములు మరికొన్ని ఉన్నవి. తల్లిదండ్రులును తమ వంతు యోచింపవలెను. భయముతో ప్రతిదానికి వద్దనుచుండినయెడల, పిల్లలు చెప్పుట మానుదురు గాని పోవుట మానరు. చెప్పిపోవు బిడ్డ చెప్పక పోవు బిడ్డకంటె క్షేమముగా ఉండును. కావున వద్దనుటకు ముందు, ఎవరితో, ఎక్కడికి, ఎగువను చూచువారెవరు అని అడుగుట మేలు.

ఈ ధర్మము గండికి మాత్రమే సంబంధించినది కాదు. మనలో ప్రతివాడును ఏదో ఒక వేళ దిగువాడే, ఏదో ఒక వేళ దింపువాడే, ఏదో ఒక వేళ ఎగువను గేటు యొద్ద నిలుచువాడే. పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు, యువజనులను నడిపించు నాయకుడు, కర్మాగారములో యంత్రపు మీట మీద చేయి పెట్టు పనివాడు, ఔషధము కలుపు నర్సు, వీరందరి ఎదుట ముఖము తెలియని ప్రాణములు దిగువను నిలిచియున్నవి. అట్టి చోట నిలిచినవాడు రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. తన చేతినుండి బయలుదేరిన నీరు ఎక్కడికి పోవునో తాను కనుగొనవలెను. వద్దు అని చెప్పవలసిన దినమున, నష్టమైనను, నవ్వులపాలైనను, వద్దు అని చెప్పవలెను. అట్లు చెప్పినందున ఏ దుర్ఘటనయు జరుగకపోవును. జరుగనిదానికి ఎవరును కృతజ్ఞత చెప్పరు, ఏ పత్రికయు దానిని వ్రాయదు. ఆ సాయంకాలము కొందరు యౌవనస్థులు కొంత చిరాకుతో, తడవని బట్టలతో ఇల్లు చేరుదురు. వారి తల్లులు అన్నము వడ్డింతురు. ఆ మార్గదర్శికి అంతకు మించిన బహుమానము అక్కరలేదు.